వారానికొకసారి తేనెపెట్టె తెరవాలి

అక్కలారా,

మామిడి పూసింది. అడవిలో మోదుగులు ఎర్రబడ్డాయి. ఇంకొన్ని రోజులకు ఇప్పపూలు రాలుతాయి. జూలూరుపాడు నుంచి భద్రాచలం దాకా మన అడవికి ఇది పూలకాలం. తేనెటీగలకు చేతినిండా పని.

కొండతేనె ఈగను మనం పెంచలేం. అది ఎత్తైన చెట్టుకో, బండకో ఒకే పెద్ద పట్టు పెడుతుంది. పెట్టెలో పెంచేది పుట్టతేనె ఈగను. చీకటి తొర్రలో, పుట్టలో వరుసగా పట్లు పెట్టడం దాని అలవాటు. అందుకే పెట్టెలోనూ ఉంటుంది. పెట్టెలో కింది అర పిల్లలది. పై అర తేనెది.

"పెట్టె ముట్టొద్దు, ఈగలు పోతాయి" అంటారు కొందరు. ఈ కాలంలో ముట్టకపోతేనే పోతాయి. ఎందుకంటే, పూలు బాగా దొరికితే రాణి ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఈగలు పెరిగి పెట్టె ఇరుకవుతుంది. అప్పుడు కూలి ఈగలు కొత్త రాణి కోసం గది కడతాయి. అది పట్టు కింది అంచున వేరుశనగ కాయలాగా వేలాడుతుంది. గుడ్డు పెట్టిన సుమారు 8 రోజులకు దానికి మూత పడుతుంది. ఇక పాత రాణి సగం ఈగలను వెంటబెట్టుకొని లేచిపోతుంది. ఇప్పపూత నాటికి తేనె తెచ్చే ఈగలే ఉండవు. ఏడాది రాబడి పోయినట్టే.

అందుకే 7 రోజులకు ఒకసారి చూడాలి. సంత మరునాడు అని గుర్తు పెట్టుకోండి.

పొద్దున ఎండ ముదరకముందు తెరవాలి. వాసన నూనె, పూలు వద్దు. జుట్టు ముడివేసి కొంగు చుట్టుకోండి. ఈగలు వచ్చిపోయే దారికి అడ్డం నిలబడొద్దు. వెనకనుంచి పిడక పొగ కొంచెం పెట్టండి. పట్టును నిలువుగానే పట్టుకోవాలి. పడుకోబెడితే ఎండకు మెత్తబడ్డ మైనం విరిగిపోతుంది. ఈగ కుడితే ముల్లును గోరుతో వెంటనే గీకి తీయండి. ఊపిరి ఆడకపోతే మాత్రం ఆగొద్దు, దవాఖానకు పోవాలి.

రాణి కనపడలేదని కంగారు పడొద్దు. గుడ్లు వెతకండి. గది అడుగున సన్నని తెల్లదారం ముక్కలా ఉంటుంది. గుడ్డు 3 రోజులకు పురుగవుతుంది. గుడ్డు కనపడిందంటే 3 రోజుల లోపు రాణి అక్కడ ఉన్నట్టే.

ఈగలు కిక్కిరిసి ఉంటే పైన తేనె అర పెట్టండి. రాణి గదులు కనపడితే రెండు దారులు. అన్నీ కోసేయడం ఒకటి. పెట్టెను రెండు చేయడం ఇంకొకటి. ఈగలు బాగా ఉంటే నాకు రెండోదే మేలనిపిస్తుంది. రాణి గది ఉన్న పట్టునూ, పిల్లలూ తేనె ఉన్న ఒకటి రెండు పట్లనూ ఈగలతో సహా కొత్త పెట్టెలోకి మార్చాలి. పాత రాణి అందులో పోకుండా చూడాలి. కొత్తదాంట్లో ఒక్క మంచి రాణి గదినే ఉంచండి. పాతదాంట్లో ఒక్కటీ ఉంచొద్దు. కొత్త రాణి పుట్టి, ఎగిరి జతకట్టి వచ్చి, గుడ్లు పెట్టేదాకా 2, 3 వారాలు ఆ పెట్టె కెలకొద్దు.

పిల్లల గదుల్లో నీళ్ల సంచిలా ఉబ్బి చచ్చిన పురుగులు కనపడితే ఆ పట్టు వేరే పెట్టెలో పెట్టొద్దు. అది వైరస్ రోగం. 1990ల మొదట్లో దక్షిణ భారతంలో పుట్టతేనె పెట్టెలెన్నో దానివల్లే ఖాళీ అయ్యాయి. నేటికీ దానికి నికరమైన మందు లేదు.

తేనె పై అరలోదే తీయాలి. కిందిది పిల్లల తిండి.

పక్క చేనువాళ్లతో ఒక మాట చెప్పి ఉంచండి. మిరపకు మందు కొట్టేది పొద్దుగూకినాక కొట్టమనండి. అప్పటికి ఈగలు ఇంటికి చేరతాయి. ముందే చెబితే ఆ సాయంత్రం పెట్టె దారికి తడిగుడ్డ కట్టి, గాలి ఆడేలా చూసి, మరునాడు పొద్దున్నే విప్పొచ్చు.