నీళ్లు తగిలిన క్షణం

“మా తొట్టిలో జీబ్రాఫిష్‌లు తెల్లవారగానే గుడ్లు పెట్టాయి. అన్నీ గాజుపూసల్లా ఒకేలా మెరిశాయి. సాయంత్రానికి సగం తెల్లబడ్డాయి. వాటిలో మొదటి నుంచీ జీవం లేకపోతే పొద్దున అంత నిండుగా ఎలా ఉన్నాయి?” అని ఒక పాఠకురాలు అడిగారు. అది చదివాక, ఈ నెలకని మొదలుపెట్టిన వ్యాసాన్ని పక్కన పెట్టేశాను.

గప్పీలు కడుపులోనే పిల్లల్ని పెంచి కంటాయి. జీబ్రాఫిష్ అలా కాదు. ఆడ చేప గుడ్లు వదులుతుంటే, పక్కనే ఆనుకుని ఈదే మగ చేప వీర్యం వదులుతుంది. కలయికంతా బయటే. ఇక్కడిదాకా బడి పుస్తకంలో ఉన్నదే. అసలు కథ నీళ్లది.

మగ చేప ఒంట్లో ఉన్నంతసేపూ శుక్రకణాలు కదలవు. చుట్టూ ఉన్న ద్రవం చిక్కదనమే వాటిని నిద్రపుచ్చుతుంది. పలచటి మంచినీళ్లు తగలగానే తోకలు ఝాడిస్తూ లేస్తాయి. కానీ ఆ ఓపిక ఒకటి రెండు నిమిషాలకు మించదు. లేపిన నీళ్లే వాటి ఆయువునూ తినేస్తాయి.

గుడ్డు సంగతి ఇంకా విచిత్రం. దాని గట్టి పెంకుపొరకు ఒకే ఒక్క రంధ్రం ఉంటుంది. పేరు మైక్రోపైల్, అంటే చిన్న వాకిలి. గరాటులా మొదలై, అడుగున ఒక్క శుక్రకణం పట్టేంతగా ఇరుకైపోతుంది. మన శుక్రకణం తలమీద అండం పొరను కరిగించే ఒక టోపీ ఉంటుంది. జీబ్రాఫిష్ శుక్రకణానికి ఆ టోపీ లేదు. వాకిలి తెరిచే ఉన్నప్పుడు గోడకు కన్నం వేసే పనేముంది? కానీ నీళ్లు తగలగానే గుడ్డు కూడా మేల్కొంటుంది. పెంకు ఉబ్బి పైకి లేస్తుంది, నిమిషం అటూ ఇటూగా దారి మూసుకుపోతుంది. శుక్రకణం వచ్చిందా లేదా అని గుడ్డు చూడదు. ఎవరూ రాకపోయినా ఉబ్బుతుంది, లోపలి జీవపదార్థం ఒక కొసకు చేరి చిన్న బిళ్లలా పేరుకుంటుంది. అమ్మా, పొద్దున మీరు చూసిన నిండుదనం ఇదే.

ఇది తెలియక పెద్దవాళ్లే పొరబడ్డారు. 1760లలో జర్మనీలో స్టెఫాన్ లుడ్విగ్ యాకోబి ట్రౌట్ చేపల కృత్రిమ ఫలదీకరణ గురించి రాశాడు. గుడ్లను ముందు నీళ్లలో వేసి, తరవాత వీర్యం కలిపేవాడు. చేపలు నీళ్లలోనే కంటాయి కదా అన్న ఆ ఆలోచన సహజమే. కానీ వీర్యం చేరేలోపే ఎన్నో వాకిళ్లు మూసుకుపోయేవి. 1850లలో రష్యాలో వ్లదిమిర్ వ్రాస్కీ క్రమం తిరగేశాడు. పొడి గిన్నెలో గుడ్లూ వీర్యమూ కలిపి, ఆ తరవాతే నీళ్లు పోశాడు. రెండు గడియారాలూ ఒకేసారి మొదలయ్యాయి. గుడ్లను పిండి తీసే హేచరీల్లో ఈనాటికీ పాటించేది ఆ పొడి పద్ధతే.

వాకిలి దాటినా లోపల కాపలా ఉంది. 2018లో వియన్నాలో ఆండ్రియా పౌలి బృందం అండం పైపొర మీద బౌన్సర్ అనే ప్రొటీన్‌ను గుర్తించింది. అది లేకపోతే శుక్రకణం లోపలికి పోలేదు. జీబ్రాఫిష్ అండంలో మెడాకా చేప బౌన్సర్‌ను పెడితే, మెడాకా శుక్రకణాలకూ ప్రవేశం దొరికింది! కోట్ల ఏళ్ల క్రితం విడిపోయిన రెండు జాతుల మధ్య తలుపు ఒక్క ప్రొటీన్‌తో తెరుచుకుంది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక తొట్టి సంగతి. గుడ్లు తెల్లబడగానే అంగడికి పరుగెత్తి నీలిరంగు మందు తెచ్చి పోసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మందు బూజును ఆపగలదు, మూసుకున్న వాకిలిని తెరవలేదు. దానికి బదులు ఈసారి తెల్లవారుజామున ఒక భూతద్దం దగ్గర పెట్టుకోండి. నీళ్లు 28 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే, గుడ్డు పడిన ముప్పావు గంటకు ఆ బిళ్ల రెండుగా చీలుతుంది, తరవాత పావుగంటకొకసారి నాలుగు, ఎనిమిది, పదహారు. ఉబ్బడం నీళ్ల పని. ఆ మొదటి చీలిక మాత్రం వాకిలి మూసుకునేలోపు ఒకరు లోపలికి వచ్చారన్న కబురు.