రైతు సంఘమునకు ఉమ్మడి పుస్తకము – వికీ పద్ధతి



అనంతపురం మెట్టలో ఏడాదికి కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు అదనుకు పడునను నమ్మకము లేదు. ఇట్టి నేలలో ఒక్క పొరపాటు జరిగినచో ఏడాది పంటయే పోవును. అట్లుండగా, పొరుగు రైతు క్రిందటేడు చేసిన పొరపాటునే ఈ ఏడు మనము మరల చేయుట ఎంతటి నష్టమో ఆలోచింపుడు. ఇట్లు జరుగుటకు కారణము, తెలిసిన సంగతి ఒకచోట వ్రాసి ఉండకపోవుటయే. కొంత పెద్దల జ్ఞాపకములోను, కొంత సంఘ కార్యదర్శి నోటుపుస్తకములోను ఉండును. కార్యదర్శి మారినచో ఆ పుస్తకము అతని యింటనే ఉండిపోవును. వాట్సాప్‌లో వచ్చిన మంచి సలహా నాలుగు దినములలో పెండ్లి ఫోటోల నడుమ కనబడకుండ పోవును. రైతు ఉత్పత్తిదారుల సంఘములు ఈ లోపమును తీర్చుకొనుటకు వికీ అను పద్ధతి అనుకూలమైనది.

వికీ అనగా నేమి?

వికీ అనునది హవాయి భాషలోని మాట. త్వరగా అని దాని అర్థము. 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ అను కంప్యూటరు నిపుణుడు, సాఫ్ట్‌వేరు వ్రాయువారు తమ అనుభవములను పంచుకొనుటకై దీనిని ప్రారంభించెను. ఇందు ఒక విషయమునకు ఒకే పుట ఉండును. సభ్యులెవరైనను ఆ పుటను సవరింపవచ్చును. సవరించినను పాత వ్రాత పోదు. ఎవరు, ఏ తేదీన, ఏమి మార్చిరో తెలియుచుండును. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుండి ఈ రీతినే నడచుచున్నది. అనేక సంస్థలు తమ ఉద్యోగుల కొరకు ఇట్టి పుటలను లోపల ఏర్పాటు చేసికొన్నవి.

సవరణ ఏల అవసరము?

2000 ఖరీఫ్‌లో మన జిల్లాలో వేరుశనగ పైరు సుమారు 2,25,000 హెక్టార్లలో తెగులుకు గురియైనది. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా వేసిరి. మొదట దీనిని ఎప్పటినుండియో ఎరిగిన మొవ్వుకుళ్ళు తెగులని తలచిరి. పరిశోధన మీదట ఇది వేరొక వైరస్ వలన కలుగు కాండం కుళ్ళు తెగులని తేలినది. ఈ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉండును. తామర పురుగులు ఆకును గీరినపుడు ఆ గాయముల ద్వారా మొక్కలోనికి చేరును. కనుక వయ్యారిభామను పూతకు రాకమునుపే పీకివేయుట, పొలము చుట్టును జొన్న గాని సజ్జ గాని నాలుగు వరుసలు వేయుట ముఖ్యమైన జాగ్రత్తలు.

పాత కరపత్రము ఒకరి యింటను, క్రొత్తది మరియొకరి యింటను ఉన్నచో ఏది నమ్మవలెను? ఒకే పుటలో సవరించి, సవరణకు కారణమును తేదీని వ్రాసినచో ఈ సందేహమునకు తావుండదు.

నీటి లెక్క నేర్పిన పాఠము

2003 నుండి కొన్ని సంవత్సరములు, అనంతపురముతో సహా ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలమును లెక్కించి నిర్వహించుకొను పథకము నడచినది. స్త్రీలు, పురుషులు వర్షమును, బోర్లలో నీటి మట్టమును తామే కొలిచి పుస్తకములలో వ్రాసిరి. ఊరిలో బోర్డుపై అందరికి కనబడునట్లు పెట్టిరి. రబీకి ముందు అందరును కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసినదెంత అని లెక్క చూచెడివారు. ఏ పైరు వేయవలెనని ఎవ్వరును శాసింపలేదు. లెక్క కంటి యెదుట ఉన్నందున పలువురు వరి తగ్గించి ఆరుతడి పైర్లకు మారిరి.

మీ సంఘము కూడ ఇట్టి పుటతో మొదలిడవచ్చును. ముఖ్యముగా నీరు పడని బోర్ల పుట ఒకటి ఉంచుడు. ఏ పొలములో, ఏ సంవత్సరమున, ఎన్ని అడుగులు వేసిరి, నీరు ఎంత పడినది, ఎపుడు ఎండినది అని వ్రాయుడు. చుట్టుప్రక్కల మూడు బోర్లు ఎండిన సంగతి చూచినవాడు అప్పు తెచ్చి నాల్గవది వేయుటకు ముందు ఒక్కమారైనను ఆలోచించును. నష్టపోయిన సంగతి చెప్పుకొనుటకు సిగ్గుపడుట సహజమే. అయినను, పండిన పంట అందరికి కనబడును. ఎండిన బోరు సంగతి చెప్పిననే తెలియును. అది వ్రాసినవానిని పరిహసింపరాదని సంఘము ముందుగానే తీర్మానించుకొనవలెను.

పాటింపవలసిన నియమములు

1. ఈ ఏడు పంట బాగులేదని వ్రాసిన ప్రయోజనము లేదు. నేల, రకము, విత్తిన తేదీ, వాన, బెట్ట పట్టిన దినములు, దిగుబడి వ్రాయవలెను.

2. కంటితో చూచినదానిని, ఇతరులు చెప్పగా విన్నదానిని వేరువేరుగా చూపవలెను.

3. ఒకే పంటను కొందరు వేరుశనగ అని, కొందరు శెనక్కాయ అని, కొందరు బుడ్డలు అని అందురు. పుట మొదట ఈ పేర్లన్నియు ఉన్నచో వెదకువారికి సులభముగా దొరకును.

4. మందుల మోతాదులను రేకులకుంట పరిశోధనా స్థానము, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రము వంటి చోట్ల శాస్త్రజ్ఞుల నడిగి నిర్ధారించుకొనిన పిదపనే వ్రాయవలెను. తప్పు మోతాదు పైరుకును మనిషికిని హాని చేయును.

5. ఇద్దరికి అభిప్రాయభేదము కలిగినచో ఒకరి వ్రాతను మరియొకరు తీసివేయరాదు. రెండును ఉంచి, వచ్చే పంటకాలములో ప్రక్కప్రక్క మళ్ళలో పరీక్షింపవలెను.

6. ప్రతి పుటకును ఒక బాధ్యుడు ఉండవలెను. నెలకొకసారి సమావేశములో పుటలను బిగ్గరగా చదివినచో చదువురాని సభ్యులు కూడ తమ అనుభవమును చేర్పగలరు.

కంప్యూటరు లేనిచో?

కంప్యూటరు తెలిసిన యువకులున్న సంఘము మీడియావికీ అను ఉచిత సాఫ్ట్‌వేరును వాడుకొనవచ్చును. లేనిచో గట్టి అట్ట గల రిజిస్టరు చాలును. ఎడమ పుటలో విషయము, కుడి పుటలో సవరణలు, తేదీ, సంతకము ఉండవలెను. పుస్తకము సంఘ కార్యాలయములోనే ఉండవలెను గాని ఒకరి యింట ఉండరాదు.

మొదటి ఏడు రెండు పుటలే తెరువుడు: వేరుశనగ ఒకటి, బోర్లు ఒకటి. విత్తులు వేయుటకు ముందు వాటిని ఒకసారి అందరు కలిసి చదువుడు. పంట యింటికి వచ్చిన పిదప, ఏది నిజమైనదో ఏది కాలేదో చూచి సవరింపుడు.