ముంపును ఓర్చే వరి.. పెరిగిన రైతు ధీమా

వరి నీటిలో పెరిగే పంటే అయినా, మొక్క మొత్తం మునిగిపోతే ఎక్కువ రోజులు బతకదు. మునిగిన మొక్క గాలి కోసం నీటిపైకి రావాలని గబగబా పొడవు పెరుగుతుంది. ఆ క్రమంలో దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చయిపోతుంది. వరద తీసేసరికి నిలబడే శక్తి లేక ఒరిగిపోతుంది. వాతావరణ మార్పులతో కుండపోత వానలు పెరుగుతున్న కొద్దీ పల్లపు పొలాల్లో వరి వేసే చిన్న రైతులకు ఈ ముప్పు మరింత ఎక్కువవుతోంది.

దీనికి విరుగుడు ఒడిశా పొలాల్లోనే ఉంది. అక్కడి పాత రకం ధలపుటియా నుంచి ఎంపిక చేసిన ‘ఎఫ్‌ఆర్‌13ఎ’ ముంపును తట్టుకుంటుంది. దిగుబడి మాత్రం తక్కువ. ఇందులోని ‘సబ్‌1ఎ’ అనే జన్యువు, నీట మునిగినప్పుడు మొక్క ఎదుగుదలకు పగ్గం వేస్తుంది. అలా మిగిలిన శక్తితో, నీరు తీశాక మొక్క మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. ఈ జన్యువు వివరాలను శాస్త్రవేత్తలు 2006లో వెల్లడించారు.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఈ గుణాన్ని ‘స్వర్ణ’ రకంలోకి తెచ్చింది. స్వర్ణ అంటే పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో అందించిన ఎంటీయూ 7029. తరం తర్వాత తరం స్వర్ణతోనే సంకరం చేస్తూ, డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఆ జన్యువున్న మొక్కలనే ఎంచుకున్నారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు. అలా రూపొందిన స్వర్ణ-సబ్‌1 మన దేశంలో 2009లో విడుదలైంది. దాదాపు రెండు వారాలు మునిగినా తేరుకుంటుంది. ముంపు లేని ఏడాది దిగుబడిలో స్వర్ణకు తీసిపోదు.

ఒడిశాలోని భద్రక్, బాలేశ్వర్ జిల్లాల్లో 128 గ్రామాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొన్ని ఊళ్ల రైతులకు ఈ విత్తనం ఇచ్చి, మిగతా ఊళ్లతో పోల్చారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, విత్తనం అందుకున్న రైతులు సాగు విస్తీర్ణం పెంచారు. ఎరువులు ఎక్కువ వేశారు. విత్తనం వెదజల్లడం తగ్గించి నాట్లు వేశారు. వరదొస్తే పెట్టుబడంతా నీటిపాలవుతుందన్న భయంతో చిన్న రైతు మంచి ఏడాదిలోనూ ఖర్చుకు వెనకాడతాడు. ఆ భయం తగ్గితే, వరద రాని ఏడాది కూడా దిగుబడి పెరుగుతుంది.

ఒడిశాలో షెడ్యూల్డ్ కులాల రైతుల పొలాలు ముంపు వచ్చే పల్లపు ప్రాంతాల్లో ఉండటం ఇతరులకన్నా ఎక్కువని 2013 నాటి అధ్యయనం చెప్పింది. కాబట్టి ఈ విత్తనం మేలు వాళ్లకే ఎక్కువ.

అయితే వారాల తరబడి నిలిచే నీటికి, పూత దశలో వచ్చే ముంపునకు, సముద్రపు ఉప్పునీటికి స్వర్ణ-సబ్‌1 ఒక్కటే సరిపోదు. వాటిని తట్టుకునే రకాలు, మురుగు కాల్వల బాగు, అదునుకు విత్తనం, పంట బీమా కూడా చిన్న రైతుకు అందాలి.