ఫిష్ ఫైండర్ ట్రాన్స్‌డ్యూసర్‌కు పడవలో తగిన చోటు

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజుల పాటు మర బోట్లకు, మోటారు పడవలకు సముద్రపు వేట నిషేధం అమలులో ఉంటుంది. నిజాంపట్నం బోట్లలో అనేకం ఆ రోజుల్లోనే ఒడ్డుకెక్కి మరమ్మతులు చేయించుకుంటాయి. బోటు అడుగు భాగం కంటికి కనిపించేదీ, చేతికి అందేదీ దాదాపు ఆ రెండు నెలలు మాత్రమే. ఫిష్ ఫైండర్ అమర్చదలచినవారు ట్రాన్స్‌డ్యూసర్‌కు చోటు నిర్ణయించుకోవలసిన సమయం కూడా అదే. అయితే తెర ఎంత పెద్దది, రంగులెన్ని, ధర ఎంత అని పది దుకాణాలు తిరిగి విచారించేవారు సైతం, నీటిలో మునిగి ఉండే ఆ చిన్న దిమ్మను ఎక్కడ బిగించాలన్న ప్రశ్నను అమర్చే పనివానికే వదిలివేయడం కద్దు. తెర నచ్చకపోతే మార్చుకోవచ్చు. బోటు అడుగున వేసిన రంధ్రాన్ని మార్చుకోలేము.

వ్యవసాయ పత్రికలో ఈ విషయమేమిటని పాఠకులు అనుకోవచ్చు. తెనాలి మీదుగా సాగే కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల మిగులు నీరు మురుగు కాలువల గుండా చివరకు బాపట్ల, రేపల్లె తీరానికే చేరుతుంది. ఎగువన వరి, దిగువన రొయ్యల చెరువులు, ఆపైన వేట: ఈ మూడింటినీ వేరు చేసే గీత ఇక్కడ చాలా పలుచనిది. అంతకు మించి, కొలత పరికరాన్ని ఎక్కడ ఉంచాలన్నది సేద్య విజ్ఞానంలో మొదటి పాఠాలలో ఒకటి. వర్షమాపకాన్ని చెట్టు పక్కన పెట్టి, వాన తక్కువ పడిందని వాతావరణాన్ని తప్పుపట్టలేము కదా.

ట్రాన్స్‌డ్యూసర్ పనితీరు సులభంగానే బోధపడుతుంది. అది విద్యుత్ స్పందనను ధ్వనిగా మార్చి నీటిలోకి పంపుతుంది. తిరిగివచ్చిన ప్రతిధ్వనిని మళ్లీ విద్యుత్తుగా మారుస్తుంది. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. 30 మీటర్ల లోతున్న చోట ధ్వని అడుగును తాకి తిరిగి రావడానికి సెకనులో 25వ వంతు సమయం చాలు. ఆ వ్యవధిని బట్టి లోతును, ప్రతిధ్వని బలాన్ని బట్టి అక్కడ ఉన్నదేమిటో పరికరం తెరపై చూపుతుంది.

ఈ ప్రయాణానికి అడ్డు వచ్చేది గాలి. నీటిలో వెళుతున్న ధ్వని గాలిని తాకితే దాదాపు మొత్తంగా వెనుదిరుగుతుంది. చేప తెరపై కనబడడానికి ముఖ్య కారణం దాని శరీరంలోని గాలితిత్తే. గాలితిత్తి లేని సొర, టేకు చేపలు, రొయ్యలు బలహీనంగా కనిపిస్తాయి లేదా అసలే కనిపించవు. (రొయ్యల కోసం అడుగు వల లాగే బోటుకు ఈ పరికరం రొయ్యలను చూపుతుందని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. అడుగు బురదా, గట్టి నేలా అన్నది చూపుతుంది. వల చిరగకుండా ఉండడానికి అది తక్కువ సాయమేమీ కాదు.) చేపలోని గాలిని పట్టి ఇచ్చే ధ్వని, ట్రాన్స్‌డ్యూసర్ ముఖం కిందనే బుడగల పొర ఉంటే అక్కడే ఆగిపోతుంది. కాబట్టి చోటు ఎంపిక అంటే, బోటు నడుస్తున్నప్పుడు బుడగలు లేని నీరు ఎక్కడ ప్రవహిస్తుందో వెదకడమే.

మర బోట్ల సంగతి చూద్దాం. ముందుకు సాగే బోటు అణియం నీటిని చీల్చినప్పుడు గాలి నీటిలో కలిసి, బుడగలుగా అడుగు వెంబడి వెనుకకు జారుతుంది. అమరం వైపు ప్రొపెల్లరు సుడులు, ఇంజను అదురు. ఈ రెండింటి నడుమ ప్రశాంతమైన భాగం ఒకటుంటుంది. నెమ్మదిగా నడిచే బోట్లలో అది నీటి మట్టం వద్ద పొడవులో అణియం నుండి మూడో వంతు మొదలు సగం వరకు ఉంటుంది. 15 మీటర్ల బోటులో అణియం నుండి 5 నుండి 7.5 మీటర్ల మధ్య అన్నమాట. అంతకంటే ముందుకు జరిపితే అలల మీద అణియం లేచినప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ నీటి పైకి వస్తుంది. ఆ పరిధిలో కూడా, దానికి సరిగ్గా ముందు నీరు తోడే రంధ్రం, పైపు, పొడుచుకు వచ్చిన మేకు, అతుకు వంటివేవీ ఉండకూడదు. ప్రతి అడ్డంకీ తన వెనుక బుడగల తోకను విడుస్తుంది.

అడుగు దూలానికి మరీ దగ్గరగా బిగించడం తరచు జరిగే పొరపాటు. ధ్వని పుంజం శంకువు ఆకారంలో విచ్చుకుంటుంది. 200 కిలోహెర్ట్జ్ వద్ద సాధారణంగా కనిపించే 20 డిగ్రీల శంకువు 20 మీటర్ల లోతున సుమారు 7 మీటర్ల వెడల్పును చూస్తుంది. 50 కిలోహెర్ట్జ్ వద్ద శంకువు 45 డిగ్రీలైతే అదే లోతున 16 మీటర్లకు పైగా చూస్తుంది. విశాలమైన పుంజాన్ని ఎంచుకున్నవారు దూలం నీడ అందులో పడకుండా మరింత ఎడంగా జరగక తప్పదు. అడుగు వాలుగా ఉన్న చోట వాలును సరిచేసే చెక్క దిమ్మ తప్పనిసరి. 15 డిగ్రీల వాలును అలాగే వదిలేస్తే 20 మీటర్ల లోతున పుంజం 5 మీటర్లకు పైగా పక్కకు పోతుంది. చెక్క బోట్లకు కంచు తొడుగున్న ట్రాన్స్‌డ్యూసరే మేలు. నీరు పీల్చి ఉబ్బిన చెక్క ప్లాస్టిక్ తొడుగును పగులగొట్టగలదు.

ఫైబర్ పడవలకు వేరొక మార్గం ఉంది. నురుగు నింపని గట్టి ఫైబర్ గుండా ధ్వని కొంత బలం కోల్పోయినా వెళ్లగలదు గనుక, రంధ్రం లేకుండా లోపలి వైపే ఎపాక్సీతో అతికించవచ్చు. చెక్క గుండా, నురుగు పొర గుండా ఇది సాధ్యం కాదు. మెట్ట సేద్యంలో వాడే టెన్షియోమీటరును ఎరిగినవారికి ఇక్కడి మెలకువ వెంటనే తెలుస్తుంది. దాని మట్టి గిన్నెకూ నేలకూ మధ్య పగులు వల్ల గాలి చేరితే, పరికరం ఎంత మంచిదైనా నేల తేమను తప్పుగానే చెబుతుంది. అలాగే ఎపాక్సీలో చిక్కిన గాలిబుడగ కూడా తెరను గుడ్డిదాన్ని చేస్తుంది. అతికించే ముందు, నీరు నింపిన పలుచని ప్లాస్టిక్ సంచిని తడిపిన ఫైబర్‌పై ఉంచి, ట్రాన్స్‌డ్యూసర్‌ను దానికి ఆనించి చూడాలి. పడవ నీటిలో ఉండగా నాలుగైదు చోట్ల ఇలా పరీక్షించి, పక్కన నీటిలో ముంచి తీసిన కొలతకు దగ్గరగా వచ్చిన చోటును గుర్తు పెట్టుకోవాలి.

సూర్యలంక వంటి ఇసుక తీరాల్లో అలల మీదుగా ఒడ్డుకు లాగే పడవలకు నా సిఫారసు ఇదే. అడుగున గానీ, అమరం వెనుక గానీ పొడుచుకు వచ్చిన ట్రాన్స్‌డ్యూసర్ ఇసుక తాకిడికి ఎక్కువ కాలం నిలవదు. లోపల అతికించడం కుదరకపోతే, పడవ అంచుకు బిగించి అవసరమైనప్పుడు దించుకునే గొట్టం మంచిది. వల లాగే వైపు కాక, ఎదుటి వైపు దానిని అమర్చాలి. పుస్తకాల్లో కనిపించని ఈ నియమం వల చిక్కుకున్న మొదటి రోజే అర్థమవుతుంది.

అవుట్‌బోర్డు ఇంజను ఉండి అమరానికే బిగించవలసి వస్తే ప్రొపెల్లరుకు కనీసం 40 సెంటీమీటర్లు ఎడంగా, రెక్కలు కిందికి దిగే వైపున ఉంచాలి. వెనుక నుండి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరిగే ప్రొపెల్లరుకు అది కుడి వైపు. రెక్కలు పైకి లేచే వైపున బుడగలు ఎక్కువ. తీగను ఇంజను తీగలతో కలిపి కట్టరాదు, పొడవు ఎక్కువైందని కత్తిరించరాదు. ట్రాన్స్‌డ్యూసర్ ముఖంపై మందంగా రంగు పూయడం, గుల్ల పేరుకోనివ్వడం రెండూ హానికరమే.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు లభ్యమయ్యే ప్రాంతాల సూచనలను దిశ, దూరంతో పాటు లోతును కూడా పేర్కొని తెలుగులో అందిస్తున్నది. ఆ లోతును పడవలో సరిపోల్చుకోగలిగినప్పుడే సూచన పూర్తిగా ఉపయోగపడుతుంది. లేకుంటే వెదుకులాటలో డీజిలు ఖర్చవుతుంది. చోటు సరిగా లేని ట్రాన్స్‌డ్యూసర్ పడవ నిలిచినప్పుడు చక్కగా చూపి, వేగం అందుకోగానే అంకెలు తారుమారు చేస్తుంది. అందువల్ల ఒడ్డున నిలిపి చేసే పరీక్షను పరీక్షగా లెక్కించకూడదు.

నిషేధం ముగిశాక మొదటి ప్రయాణంలో సీసపు గుండు తాడును వెంట ఉంచుకోవడం మంచిది. పడవను నిలిపి గుండుతో బారల లెక్కన లోతు కొలిచి, ఒక బార సుమారు 1.8 మీటర్లుగా తీసుకుని తెరతో పోల్చాలి. తరువాత నెమ్మదిగా, మధ్యస్థంగా, వల లాగే వేగంతో నడిపి, ఏ వేగం వద్ద అడుగు గీత తెగిపోతున్నదో రాసుకోవాలి. మొగ దాటేటప్పుడు మరొక లెక్క ఉంది. పరికరం చూపే లోతు ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నుండి మొదలవుతుంది. అడుగు దూలం దానికంటే అర మీటరు కిందికి ఉంటే, తెరపై 1 మీటరు కనబడినప్పుడు దూలం కింద ఉన్నది అర మీటరే. ఆ తేడాను పరికరంలో ముందే నమోదు చేసుకుని, మేటలు వేసిన మొగలోకి వెళ్లే ముందు సరంగుకు చెప్పి ఉంచాలి.