నెల ఫీజు కాదు.. నోరు కదిలిన నిమిషాలు లెక్కేయండి
స్పెయిన్‌లో ఉండే మనవాళ్లకు చవగ్గా స్పానిష్ నేర్చుకునే దారులు

హోసూరు బస్టాండులో టీ తాగే పది నిమిషాల్లో మూడు భాషలు మారతాయి. కొట్టతనితో తమిళం, పక్కనున్న చుట్టంతో తెలుగు, బెంగళూరు బస్సు కండక్టరుతో కన్నడం. వీటిలో దేనికీ మనం ట్యూషన్ ఫీజు కట్టలేదు. అలాంటి ఇంట్లో పుట్టిన అమ్మాయో, అబ్బాయో ఉద్యోగం మీద మాడ్రిడ్‌లో దిగితే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది.

ఆఫీసులో ఇంగ్లిషుతో నెట్టుకొస్తారు. బయట? ఇంటి ఓనరు, ఆసుపత్రి కౌంటరు, పిల్లల బడి, కరెంటు బిల్లు గురించి వచ్చే ఫోను.. అన్నీ స్పానిష్‌లోనే. వెంట వెళ్లిన భార్య లేదా భర్త పాట్లు ఇంకా ఎక్కువ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పలకరించే దిక్కుండదు. పిల్లాడికి ఎన్నాళ్ల నుంచి జ్వరమో డాక్టరుకు చెప్పాలన్నా, ఆఫీసుకెళ్లిన మనిషి సెలవు పెట్టి రావాల్సిందే. మూడు భాషలు గలగలా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి మూగబోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అప్పుడు మొదలవుతుంది స్పానిష్ క్లాసుల వేట. ముందుగా కంటబడేది ప్రైవేటు అకాడమీ బోర్డే. వారానికి 20 పాఠాల ఇంటెన్సివ్ కోర్సంటే సుమారు 150 నుంచి 250 యూరోలు. యూరో వంద రూపాయల చుట్టూ తిరుగుతున్న ఈ రోజుల్లో నాలుగు వారాలకే అరవై వేల నుంచి లక్ష రూపాయలు! ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో ఆ మాట వినగానే 'తర్వాత చూద్దాంలే' అనేస్తారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. నిజానికి అంత పెట్టక్కర్లేదు.

అక్కడా సర్కారు బడి ఉంది

స్పెయిన్‌లో భాషలు నేర్పడానికే ప్రభుత్వ బడులున్నాయి. పేరు 'ఎస్కువేలా ఒఫిసియాల్ దె ఇదియోమాస్'. మొదటిది 1911లో మాడ్రిడ్‌లో పెట్టారు. ఇప్పుడు అన్ని ప్రాంతాల్లోనూ ఉన్నాయి. చాలాచోట్ల ఇంగ్లిషు, ఫ్రెంచితో పాటు విదేశీయులకు స్పానిష్ కూడా చెబుతారు. రుసుము ప్రాంతాన్ని బట్టి మారుతుంది కానీ, ప్రైవేటు అకాడమీలో ఒకట్రెండు వారాలకయ్యే సొమ్ముతో ఇక్కడ ఏడాదంతా గడిచిపోతుంది. వారానికి నాలుగైదు గంటలు క్లాసు. శరదృతువులో మొదలై వేసవి ముందు దాకా నడుస్తుంది.

చిక్కల్లా సీటు దగ్గరే. దరఖాస్తులు ఏడాదిలో కొన్నాళ్లే తీసుకుంటారు. ఆ తేదీలు దాటాయా, మళ్లీ కాచుక్కూచోవాలి. అందుకే విమానం ఎక్కకముందే మీరు వెళ్లే ఊళ్లో గడువు ఎప్పుడో కనుక్కోండి. కొంత నేర్చుకుని వెళ్లినవాళ్లకు చిన్న పరీక్ష పెట్టి, తగ్గ తరగతిలో కూర్చోబెడతారు.

పైసా లేకుండా నేర్చుకునే చోట్లూ ఉన్నాయి. వయోజన విద్యా కేంద్రాలు, రెడ్‌క్రాస్, కారితాస్ లాంటి సేవాసంస్థలు, పేటల్లోని సంఘాలు కొత్తగా వచ్చినవాళ్లకు ఉచితంగా పాఠాలు చెబుతాయి. వ్యాకరణం కన్నా డాక్టరు దగ్గర, దుకాణంలో, బడిలో అవసరపడే మాటలకే అక్కడ పెద్దపీట. అద్దె ఇల్లు దొరకగానే మున్సిపాలిటీలో పేరు నమోదు చేయించుకుని ఆ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. చాలాచోట్ల చేరేటప్పుడు అదే అడుగుతారు. తోటి విద్యార్థులు మొరాకో, చైనా, ఉక్రెయిన్.. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. మీకూ వాళ్లకూ మధ్య ఉండే భాష స్పానిష్ ఒక్కటే. ఇంతకన్నా మంచి క్లాసు ఎక్కడుంటుంది?

నిమిషాల లెక్క

ఏది చవక, ఏది ఖరీదు అని తేల్చడానికి నెల ఫీజు చూస్తే మోసపోతాం. మీ నోరు ఎన్ని నిమిషాలు కదిలిందో చూడాలి. పదిమంది ఉన్న క్లాసులో టీచరు ఒక్క ముక్కా మాట్లాడకపోయినా గంటలో మీ వాటా ఆరు నిమిషాలే. నిజానికి మూడు కూడా దక్కవు. ఒక్కరికే చెప్పే టీచరు దగ్గరైతే అరగంట మీదే. గ్రూపు క్లాసు గంటకు 8 యూరోలు, ఒంటరి క్లాసు 14 యూరోలు అనుకుందాం. ఇప్పుడు చెప్పండి, ఏది చవక?

అలాగని గ్రూపు క్లాసు దండగ కాదు. వ్యాకరణం ఓ వరుసలో వస్తుంది, హోంవర్కు చేయించేవాళ్లుంటారు, నలుగురు స్నేహితులవుతారు. కాబట్టి రెండూ కలపండి. పునాదికి సర్కారు బడి, లేదంటే ఉచిత తరగతి. నోరు తిరగడానికి వారానికో గంట ఒంటరి పాఠం. ఇటాల్కీ లాంటి ఆన్‌లైన్ వేదికల్లో టీచర్లు ఎవరి రేటు వాళ్లే పెట్టుకుంటారు. మెక్సికో, కొలంబియా లాంటి దేశాల నుంచి చెప్పేవాళ్లు చాలాసార్లు స్పెయిన్ టీచర్ల కన్నా తక్కువకే దొరుకుతారు. యాస తేడా ఉంటుంది. స్పెయిన్‌లో చాలామంది 'గ్రాథియాస్' అంటే, మెక్సికోలో 'గ్రాసియాస్'. మన కోస్తా, రాయలసీమ యాసల తేడా లాంటిదే అనుకోండి. మాట అర్థం కాకుండా పోదు.

డబ్బులేమీ అక్కర్లేని ఇంకో దారి 'ఇంతెర్కాంబియో', అంటే భాషల మారకం. ఇంగ్లిషు నేర్చుకోవాలనుకునే స్పెయిన్‌వాళ్లు అరగంట మీతో స్పానిష్, అరగంట ఇంగ్లిషు మాట్లాడతారు. ఖర్చు ఓ కప్పు కాఫీ. లైబ్రరీ నోటీసు బోర్డులు చూస్తూ ఉండండి. మొదటిసారి నలుగురూ తిరిగే చోటే కలవడం మంచిది.

తెలుగువాళ్లకు కలిసొచ్చేవి

స్పానిష్ మనకు మరీ పరాయి కాదు. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ.. ఐదే. మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. అక్కడి 'త, ద'లు మన 'త, ద'లే. ఇంగ్లిషు అలవాటుతో 'ట' అనకుండా ఉంటే చాలు. క్రియను బట్టే మనిషి తెలిసిపోతాడు. 'ఆబ్లో' అంటే మాట్లాడతాను, 'ఆబ్లామోస్' అంటే మాట్లాడతాం. 'నేను', 'మేము' విడిగా చెప్పనక్కర్లేదు. నువ్వు, మీరు ఉన్నట్టే 'తు', 'ఉస్తెద్' ఉన్నాయి. ఇంగ్లిషువాళ్లు తంటాలు పడే 'మె గుస్తా ఎల్ కఫె' మనకు 'నాకు కాఫీ నచ్చుతుంది' అన్నంత తేలిక. రెండు భాషల్లోనూ నచ్చేది కాఫీయే, 'నాకు'.

ఇబ్బంది పెట్టేవీ ఉన్నాయి. 'పెరో' అంటే కానీ, నాలుక అదిరించి 'పెర్రో' అంటే కుక్క. ప్రతి వస్తువుకూ ఆడ, మగ ఉంటాయి. బల్ల ఆడ, పుస్తకం మగ. హిందీ, మరాఠీ వచ్చినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

డబ్బు కట్టే ముందు..

'30 రోజుల్లో స్పానిష్' అనే మాటలు నమ్మొద్దు. అమెరికా విదేశాంగ శాఖ ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న తన సిబ్బందికి స్పానిష్ బాగా పట్టుబడాలంటే సుమారు 600 నుంచి 750 గంటల క్లాసు కావాలని లెక్కేసింది. ఆర్నెల్ల ఫీజు ఒకేసారి కట్టమంటే ఆగండి. ముందు ఒక పాఠం విని చూస్తామనండి. క్లాసులో ఎంతమంది, పాఠం అరవై నిమిషాలా నలభై ఐదా, పుస్తకాల ఖర్చెంత, మధ్యలో మానేస్తే సొమ్ము వాపసిస్తారా.. ఈ నాలుగూ రాతపూర్వకంగా తీసుకోండి. 1991లో స్పెయిన్ ప్రభుత్వం స్థాపించిన సెర్వాంతెస్ సంస్థ కొన్ని స్కూళ్లకు గుర్తింపు ఇస్తుంది. ఆ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. 'డెలె' సర్టిఫికెట్ ఇచ్చేదీ ఆ సంస్థే. స్పెయిన్ పౌరసత్వం కోరే పెద్దలకు ఏ2 స్థాయి డెలె అడుగుతున్నారు. అంత అవసరం లేనివాళ్లు పరీక్ష కోర్సుకు వేరే డబ్బు తగలేయొద్దు.

వెళ్లడానికి ఇంకా ఆర్నెల్లుంటే ఇక్కడే మొదలెట్టడం మేలు. హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ చెబుతారు. ఢిల్లీలో సెర్వాంతెస్ కేంద్రమే ఉంది. అక్షరాలు, అంకెలు, చిరునామా చెప్పడం లాంటివి రూపాయల్లో నేర్చుకుంటే, యూరోలు అసలు మాటలకు మిగులుతాయి.

బార్సిలోనా వెళ్లేవాళ్లకు మరో ముచ్చట. అక్కడ స్పానిష్‌తో పాటు కతలాన్ కూడా అధికార భాష. సర్కారు బడుల్లో పాఠాలు ఎక్కువగా అందులోనే. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, బజారులో ఇంకొకటి అంటే బయటివాళ్లు బెంబేలెత్తుతారేమో. బళ్లారి, బరంపురం, హోసూరు వాళ్లకు అదేం వింత?

బళ్లారిలో పెరిగిన ఈ విలేకరికి కన్నడం వచ్చింది పుస్తకంలోంచి కాదు. కూరగాయల బజారులో తప్పులు మాట్లాడి, నలుగురూ నవ్వితే తానూ నవ్వి, మర్నాడు మళ్లీ వెళ్లి నేర్చుకున్నదే. సరిహద్దు మనిషికి ఆ సిగ్గులేనితనమే అసలు పెట్టుబడి. మాడ్రిడ్‌లోనూ కూరగాయల దుకాణాలున్నాయి. సంచీ పట్టుకుని బయల్దేరండి.