చెత్త సినిమా – చక్కని నవ్వు

"సినిమాకి వెళ్ళి తలనొప్పి తెచ్చుకున్నాం డాక్టరు గారూ!" అనేవాళ్ళు చాలామంది ఉంటారు. నిజమే. కథకు తలాతోకా ఉండదు. రాక్షసుడి వీపు మీద కుట్లు కనిపిస్తూంటాయి. పెదవులు ఒకటి పలికితే మాట మరొకటి వినిపిస్తుంది. అయితే అదే సినిమాను నలుగురూ కలిసి కూర్చుని, మధ్యమధ్య చలోక్తులు విసురుకుంటూ చూడండి. తలనొప్పి ఊసే ఉండదు!

ఈ వినోదం మనకు కొత్త కాదు. టూరింగు టాకీసుల్లో నేల టిక్కెట్టువారి వ్యాఖ్యానాలు విన్నవారికి ఆ రుచి తెలుసు. దీన్ని ఒక పూర్తి కార్యక్రమంగా మలిచింది మాత్రం అమెరికాలో. 1988లో మినియాపొలిస్ నగరంలోని ఒక చిన్న టెలివిజన్ కేంద్రంలో జోయెల్ హాడ్జ్‌సన్ అనే హాస్యగాడు 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' ప్రారంభించాడు. పిచ్చి శాస్త్రజ్ఞులు ఒక మనిషిని అంతరిక్షంలో బంధించి, అతనికి వరసగా చెత్త సినిమాలు చూపిస్తారు. మనిషి బుర్ర ఎంతవరకు తట్టుకుంటుందో వాళ్ళకు తెలియాలట! అతను రెండు మరమనుషులను తోడు తెచ్చుకుని, తెర ముందు కూర్చుని, సన్నివేశానికో విసురు విసురుతూ పిచ్చెక్కకుండా కాలక్షేపం చేస్తాడు.

1993లో వారు ఎంచుకున్న సినిమాల్లో 'మానోస్: ది హ్యాండ్స్ ఆఫ్ ఫేట్' ఒకటి. 1966లో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో ఎరువులు అమ్ముకునే హెరాల్డ్ వారెన్ సుమారు 19,000 డాలర్లతో దాన్ని తీశాడు. కెమెరా ఒక దఫాకు 32 సెకన్లు మాత్రమే తిరిగేది. ధ్వని తర్వాత చేర్చారు. కొద్దిమందే అన్ని పాత్రలకూ గొంతు అరువిచ్చారు. ఒంటరిగా చూస్తే ఆవలింతలు తెప్పించే ఈ చిత్రం, వ్యాఖ్యానం తోడయ్యేసరికి జనాన్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించింది. సినిమా మారలేదు. పక్కన తోడు దొరికింది, అంతే!

తోడులోనే అసలు కిటుకు ఉంది. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు విద్యార్థుల చేత వారి నవ్వుల చిట్టా రాయించాడు. ఒంటరిగా ఉన్నప్పటికంటె నలుగురిలో ఉన్నప్పుడు మనిషి సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని తేలింది. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2011లో మరొక సంగతి ప్రకటించింది. హాస్యచిత్రాలు చూసి గట్టిగా నవ్వినవారు ఆ తర్వాత నొప్పిని ఎక్కువగా ఓర్చుకోగలిగారు. శరీరం తనంతట తాను తయారుచేసుకునే ఎండార్ఫిన్లు అనే పదార్థాలు ఇందుకు కారణం కావచ్చునని వారి అభిప్రాయం.

పగలబడి నవ్వేటప్పుడు ఊపిరి తెరలు తెరలుగా బయటికి పోతుంది. ఉదరవితానం, పొట్ట కండరాలు బాగా పనిచేస్తాయి. గుండె వేగం కాసేపు పెరుగుతుంది. ఆ తర్వాత ఒళ్ళంతా వదులై హాయిగా ఉంటుంది. అంతమాత్రాన నవ్వుతో మధుమేహం, రక్తపోటు నయమవుతాయని నమ్మి మాత్రలు మానేయకండి. నవ్వు మందుకు తోడే గాని మందుకు బదులు కాదు.

కొన్ని జాగ్రత్తలు

పొట్టకు ఆపరేషను అయి కుట్లు పచ్చిగా ఉన్నవారు నవ్వు వచ్చినప్పుడు చిన్న దిండును పొట్టకు అదిమి పట్టుకోవాలి. ఉబ్బసం ఉన్న కొందరికి గట్టిగా నవ్వితే ఆయాసం వస్తుంది. ఇన్‌హేలరు చేతికందేలా ఉంచుకోవాలి. నోట్లో వేరుశనగపప్పు పెట్టుకుని నవ్వితే అది గొంతు దిగకుండా ఊపిరిగొట్టంలోకి పోవచ్చు. అయిదేళ్ళలోపు పిల్లలకు అసలు పప్పులే ఇవ్వవద్దు. నవ్వుతూండగా ఛాతీ పట్టేసినట్టయి, చెమటలు పోస్తే "నవ్వి నవ్వి నొప్పి వచ్చిందిలే" అని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కాన్పుల తర్వాత చాలామంది స్త్రీలకు నవ్వినా, తుమ్మినా మూత్రం చుక్కలుగా పడుతుంది. ఎవరికీ చెప్పుకోలేక నలుగురిలోకి రావటమే మానేస్తారు. అమ్మా, ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. మూత్రాన్ని ఆపే కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజూ కొన్ని నెలలు చేస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది. ఒకసారి డాక్టరుకు చూపించుకుని, సరిగ్గా ఎలా చెయ్యాలో నేర్చుకోండి. నవ్వు మానుకోవటం దానికి వైద్యం కాదు.

ఎవరిని చూసి నవ్వుతున్నాం?

అన్నిటికంటె పెద్ద జాగ్రత్త ఇది. అట్టముక్కల కోటను, అర్థంలేని సంభాషణను, తాడు కనిపించే గబ్బిలాన్ని చూసి ఎంతైనా నవ్వండి. నటి లావును, నటుడి నలుపును, ఒకరి నత్తిని పట్టుకుని మాత్రం విసురు విసరకండి. తెరమీది మనిషికి మీ మాట వినబడదు. పక్కన కూర్చున్న మీ అమ్మాయికి వినబడుతుంది. తన ఒళ్ళు కూడా అంతేననుకుని ఆ పూటనుంచి అన్నం సగానికి తగ్గించే పిల్లలున్నారు. నలుగురిలోకి రాకుండా గది తలుపు వేసుకునే పిల్లలున్నారు. నవ్వు నాలుగు విధాల చేటన్న సామెత ఇలాంటి నవ్వుకే వర్తిస్తుంది.

ఇప్పుడు చాలా ఇళ్ళలో ఎవరి ఫోను వారిది, ఎవరి నవ్వు వారిది. తాతగారు ఒక్కరే టెలివిజన్ ముందు కునికిపాట్లు పడుతూంటారు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్లు పక్కన పెట్టి, ఒక నాసిరకం దయ్యాల సినిమా పెట్టుకుని అందరూ కలిసి కూర్చోండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. మొదటి విసురు తాతగారినే విసరమనండి. ఆయన దగ్గర ఎన్ని దాగి ఉన్నాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు!