పాలు పితికే చేతులు ఏ లెక్కలో ఉన్నాయి?

కోళ్ల ఫ్లూ పశువులకు అంటదని చాలాకాలం అనుకుంటూ వచ్చారు. 2024 మార్చి 25న అమెరికా ప్రభుత్వం టెక్సాస్, కాన్సాస్ రాష్ట్రాల పాడి ఆవుల్లో ఆ వైరస్, హెచ్5ఎన్1, బయటపడిందని ప్రకటించింది. ఆవులు మేత తగ్గించాయి. పాలు పడిపోయాయి. వచ్చిన కాసిని పాలూ జున్నుపాలలా పచ్చగా, చిక్కగా వచ్చాయి. వారం తిరిగేసరికి టెక్సాస్‌లో ఒక డెయిరీ కూలీకి కళ్లు ఎర్రబడితే పరీక్షించారు. అదే వైరస్!

ఎక్కడినుంచి వచ్చిందో ఎలా పట్టారు? అడంగల్ నకలు రాసేటప్పుడు ఒకచోట తప్పు పడిందనుకోండి. దాన్ని చూసి రాసిన నకళ్లన్నిటిలోనూ ఆ తప్పే ఉంటుంది. తప్పుల్ని సరిపోల్చి చూస్తే ఏ కాగితం దేనినుంచి పుట్టిందో తేలిపోతుంది. వైరస్ కూడా తన నకళ్లు తీసుకుంటూ తప్పులు చేస్తుంది. ఆ తప్పుల వెంట పోయిన శాస్త్రజ్ఞులకు అసలు సంగతి దొరికింది. 2023 చివర్లో అడవి పక్షులనుంచి ఒక్కసారి ఆవుల్లో దిగిన వైరస్, తర్వాత ఆవునుంచి ఆవుకు పాకి, అమ్మిన పశువులతోపాటు లారీలెక్కి రాష్ట్రాలు దాటింది. 2025 మొదట్లో నెవాడాలో పక్షులనుంచి ఇంకో రకం ఆవుల్లోకి వచ్చింది. అంటే ఇది ఒకసారితో ఆగే వ్యవహారం కాదు.

వైరస్ జాడ తీశారు, బాగానే ఉంది. మరి కూలీ జాడ? మిషిగన్, కొలరాడో రాష్ట్రాల్లో 115 మంది డెయిరీ కార్మికుల రక్తం పరీక్షిస్తే 8 మందికి అది సోకినట్టు తేలింది. వాళ్లలో సగం మందికి జబ్బు చేసిన గుర్తే లేదు. 8 మందీ పాలు పితికేవాళ్లు, పాలశాల కడిగేవాళ్లే. అమెరికా డెయిరీల్లో వలస కూలీలు చాలామంది. పరీక్షకు పోతే పనీ కూలీ పోతాయని వాళ్ల భయం.

"అమెరికా గోల మనకెందుకు?" అనేవాళ్లు ఉంటారు. 2025 ఫిబ్రవరిలో వశిష్ఠ గోదావరికి అవతల పెరవలి మండలం కానూరు అగ్రహారంలో, తణుకు మండలం వేల్పూరులో కోళ్లు గుట్టలుగా చచ్చిపోయాయి. భోపాల్ ప్రయోగశాల హెచ్5ఎన్1 అని నిర్ధారించింది. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డను ఈ జబ్బు పొట్టన పెట్టుకుంది.

మన కోనసీమలో గేదెల సావిడి పక్కనే కోళ్లగూడు. కోతలయ్యాక చేలల్లో బాతుల మందలు. పేడ తీసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది మన కూలీలే, అందులోనూ ఆడవాళ్లు. మన గేదెలకు ఈ జబ్బు వచ్చిందని మేము అనడం లేదు. మరగకాచిన పాలకు, బాగా ఉడికిన మాంసానికి భయపడక్కర్లేదు. వస్తే మాత్రం మొదటి దెబ్బ తగిలేది మనవాళ్లకే అంటున్నాం.

చంపిన కోడికి పరిహారం ఇవ్వాలని ప్రభుత్వ నిబంధన ఉంది. అది యజమానికి అందుతుంది. షెడ్డు మూసేస్తే పని పోయిన కూలీకి ఆ పద్దులో పైసా లేదు. ఇదెక్కడి న్యాయం?

అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం: ఎక్కడ కోళ్లు, పశువులు జబ్బుపడినా అక్కడ పనిచేసే కూలీలకు ఊళ్లోనే ఉచితంగా పరీక్షలు చేయాలి. చేతితొడుగులు, ముఖానికి మాస్కు, కళ్లద్దాలు యజమాని ఖర్చుతో ఇవ్వాలి. విడిగా ఉండమన్న రోజులకు పూర్తి కూలి కట్టివ్వాలి.

కోళ్లు హఠాత్తుగా చచ్చినా, పాలు విరిగినట్టు చిక్కబడినా వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. చచ్చిన కోడిని కాలవలో పారేయకండి. సావిట్లో పనిచేసేవాళ్లకు కళ్లెర్రబడి జ్వరం వస్తే డాక్టరుకు ఆ పని సంగతి తప్పక చెప్పండి. ఈ డిమాండ్లను వచ్చే గ్రామసభలో పెట్టి తీర్మానం రాయించండి. రాయనంటే, ఎందుకు రాయరో అందరూ కలిసి అడగండి.